నార్మా గారింట్లో రాత్రి పదింటి భోజనం

అర్జెంటీనా ముఖం చూడకుండానే అర్జెంటీనా వాళ్ళ తిండి గురించి రాస్తోందేమిటీవిడ అని నవ్వకండి. నేను చూసిన అర్జెంటీనా న్యూజిలాండ్‌కి దక్షిణపు కొసన, ఇన్వర్‌కార్గిల్‌కి అరగంట దూరంలో, ఒక ఆవుల ఫారంలో ఉంది. దానికి వీసా అక్కర్లేదు. మందపాటి స్వెటర్లు రెండు, ఆకలికి ఓర్చుకునే గుణం ఉంటే చాలు.

వెళ్ళడానికి కారణం మా అమ్మాయి సింధు. ఇన్వర్‌కార్గిల్‌లో పాలు పరీక్షించే ల్యాబ్‌లో దానికి ఉద్యోగం. అక్కడి ఫారంలో పనిచేసే మతియాస్ అనే అర్జెంటీనా అబ్బాయితో రెండేళ్ళుగా స్నేహం. పెళ్ళి చేసుకుంటామని ఫోన్‌లో చెప్పగానే నేను ఇంతెత్తున ఎగిరాను. మేం గుడ్డు కూడా ముట్టని వాళ్ళం. వాళ్ళేమో గొడ్డుమాంసం లేనిదే ముద్ద దిగని వాళ్ళు. మా వారు మాత్రం "నీ మాటే నా మాట" అని చెప్పేసి టీవీ సౌండ్ పెంచుకున్నారు. ఆయన బరువులన్నీ ఇలాగే నా నెత్తికెక్కుతాయి.

రెండు నెలలు వాదించుకున్నాక సింధు ఒక మాట అంది. "అమ్మా, నువ్వొచ్చి నాలుగు రోజులు వాళ్ళతో కూర్చుని తిను. ఆ తర్వాత కూడా వద్దంటే ఇంక ఈ టాపిక్ ఎత్తను. ప్రామిస్."

దాని గొంతులో ఏడుపు లేదు, బెదిరింపూ లేదు. నన్ను భయపెట్టింది అదే. నేను కాదంటే నిజంగానే మానేసేలా ఉంది. అంటే నాలుగు రోజులు తిని వచ్చి నేను చెప్పే ఒక్క మాట మీద దాని బతుకు ఉందన్నమాట.

నేను ఆక్లండ్‌లోని హెండర్సన్‌లో చిన్నపిల్లల డేకేర్‌లో పనిచేస్తాను. జూలైలో సెలవు పెట్టి ఒక గురువారం తెల్లవారకముందే హెండర్సన్ స్టేషన్‌లో రైలెక్కాను. సిటీలో రైలు మారి, పుహినుయ్‌లో దిగి, అక్కడ ఎయిర్‌పోర్ట్ బస్సు పట్టుకోవాలి. సామాను ఎక్కువ లేకపోతే ఇదే చవక. డనీడిన్ దాకా విమానం, అక్కణ్ణుంచి ఇన్వర్‌కార్గిల్‌కి బస్సు. నేరుగా వెళ్ళే విమానం లేకపోలేదు గానీ, దారి చూసినట్టూ ఉంటుంది, తొందరగా చేరకుండా ఉన్నట్టూ ఉంటుందని నేనే బస్సు పెట్టుకున్నాను. ఒక హెచ్చరిక: డనీడిన్‌లో విమానాశ్రయం ఊరికి చాలా దూరం. షటిల్ వ్యాన్ ముందే బుక్ చేసుకోండి, లేకపోతే నాలాగా చలిలో నిలబడాల్సి వస్తుంది.

బస్సులో పక్కసీటులో గోర్ అనే ఊరికి వెళ్తున్న పెద్దావిడ, ఊలుతో ఏదో అల్లుకుంటూ కూర్చుంది. ఎక్కడికని అడిగింది. అర్జెంటీనా వాళ్ళింటికని చెప్పాను.

"మా పక్క ఫారంలోనూ ఉన్నారు. మంచివాళ్ళే" అంది ఆవిడ. "మేం సాయంత్రం ఐదున్నరకి టీ ముగించేస్తామా, మేం పడుకునే వేళకి వాళ్ళ పొయ్యి పొగ మొదలవుతుంది."

ఇక్కడి పల్లెల్లో టీ అంటే రాత్రి భోజనం. ఆవిడ మాట హాస్యమనుకుని నవ్వాను. గోర్‌లో బస్సు ఆగినప్పుడు ఆవిడే నన్ను ఒక కేఫ్‌కి తీసుకెళ్ళి చీజ్ రోల్ తినిపించింది. బ్రెడ్ ముక్కలో చీజూ ఉల్లిపాయ సూప్ పొడీ కలిపిన ముద్ద పెట్టి, చుట్టి, కాల్చి, పైన వెన్న రాస్తారు. ఇక్కడి దక్షిణాదిలో ఇది దొరకని కేఫ్ లేదు, ఆక్లండ్‌లో ఇంత బాగా చేసే కేఫ్ నేను చూడలేదు. రెండు తినమంది. నేను ఒక్కటి చాలన్నాను. ఆ రెండోది తినక ఎంత తప్పు చేశానో తర్వాత తెలిసింది.

ఇన్వర్‌కార్గిల్‌లో దిగేసరికి ఐదున్నర, చీకటి పడుతోంది. సింధు, మతియాస్ కారు తెచ్చారు. కుర్రాడు పొడుగ్గా, ఎండకి కమిలిన ముఖంతో, బెదురుతున్న కోడెదూడలా ఉన్నాడు. "నమస్కారం ఆంటీ" అని నేర్చుకున్న మాట అప్పజెప్పి నా పెట్టె అందుకున్నాడు.

ఫారం ఇంట్లో ఉండేది ముగ్గురే: మతియాస్, వాళ్ళమ్మ నార్మా, నాన్న ఊగో. కొడుకు వెనకాలే నాలుగేళ్ళ క్రితం వచ్చారట. ఆయన దూడల్ని చూసుకుంటాడు. ఆవిడ ఊళ్ళో బేకరీలో చేస్తుంది. నార్మా నాకంటే రెండేళ్ళు పెద్దదేమో, బొద్దుగా ఉంది. గుమ్మంలోనే నా చెంప మీద ముద్దు పెట్టింది. వెనకాలే ఊగో కూడా అదే ఉద్దేశంతో ముందుకొచ్చాడు! సింధు మధ్యలో దూరి, ఆయన చేతులు రెండూ పట్టి నమస్కారం పెట్టించింది. గండం గడిచింది.

లోపల పొయ్యి దగ్గర వెచ్చగా కూర్చోబెట్టారు. ఇక వడ్డిస్తారనుకున్నాను. నార్మా చిన్న సొరబుర్ర ఒకటి తెచ్చింది. మన సొరకాయే, ఎండబెట్టి తొలిచింది. అందులో ముప్పాతిక వంతు ఎండాకు నలిపిన పొడి, దాంట్లో గుచ్చిన లోహపు గొట్టం. దీన్ని మాతే అంటారు. థర్మాస్‌లోంచి వేడినీళ్ళు పోసి మొదట నార్మా పీల్చింది. మళ్ళీ నీళ్ళు పోసి మొగుడికిచ్చింది. ఆయన తాగి వెనక్కిస్తే మళ్ళీ పోసి కొడుక్కి. తర్వాత సింధుకి. అందరికీ అదే బుర్ర, అదే గొట్టం. నా కడుపున పుట్టిన పిల్ల, మంచినీళ్ళ సీసా కూడా ఎత్తి తాగమని పెంచిన పిల్ల, ఆ గొట్టాన్ని తడుముకోకుండా నోట్లో పెట్టుకుంది.

తర్వాత నాకొచ్చింది. నేనేం చేస్తాను? చేతిసంచీలోంచి తడి టిష్యూ తీసి గొట్టం మూతిని శుభ్రంగా తుడిచాను. ఎంగిలి మాట అలా ఉంచండి, రోజంతా పిల్లల ముక్కులు తుడిచే చెయ్యి, ఊరుకుంటుందా! తుడిచి ఒక గుక్క పీల్చాను. ఎండుగడ్డిని వేపాకుతో కలిపి కాచినట్టుంది. తలెత్తి చూస్తే నార్మా మొహం ఎర్రబడింది. ఊగో పొయ్యిలో కట్టె సర్దుతున్నాడు, సర్దడానికి అక్కడేం లేకపోయినా.

"పర్లేదు ఆంటీ" అన్నాడు మతియాస్. ఏది పర్లేదో నాకర్థం కాలేదు.

ఏడయింది, ఎనిమిదయింది. బస్సులో ఆవిడ హాస్యమాడలేదని కడుపు చెప్పడం మొదలుపెట్టింది. తొమ్మిదింటికి నార్మా తీరిగ్గా ఉల్లిపాయలు తరగడానికి కూర్చుంది. మామూలు నెలల్లో పాలు పితకడానికి తెల్లవారకముందే లేవాలి కాబట్టి కాస్త ముందే తింటారట. చలికాలం ఆవులు ఒట్టిపోయి ఉంటాయి, పితికేది లేదు. అందుకని అర్జెంటీనా వేళకే తింటున్నామని సంతోషంగా చెప్పారు. నా అదృష్టం!

పదింటికి బల్ల మీదకి గుమ్మడికాయా చీజూ పెట్టి కాల్చిన రొట్టె, పాలకూర పెట్టిన పాస్తా, టమాటా ఉల్లిపాయ ముక్కలు వచ్చాయి. బ్రెడ్‌కి కంచం ఉండదు, బల్ల మీద పరిచిన గుడ్డ మీదే ఎవరి పక్కన వాళ్ళు పెట్టుకుంటారు. మిరపకాయ అన్నది మచ్చుకైనా లేదు, మిరియాలు వేస్తేనే ఊగో హుష్షు హుష్షుమంటాడు. అయినా ఆకలి రుచెరుగదు, రెండోసారి వేయించుకున్నాను. నా కోసం ఇల్లంతా మాంసం మానేసిందని సింధు చెవిలో చెప్పింది. తినగానే, పరాయి ఇల్లు కదా, పని తప్పించుకుంటే ఏం బాగుంటుందని లేచి, ఎంగిలి కంచాలన్నీ తీసి, కడిగి బోర్లించేశాను. తిరిగొచ్చేసరికి ఖాళీ బల్ల చుట్టూ నలుగురూ బొమ్మల్లా కూర్చుని ఉన్నారు. నేను గుడ్‌నైట్ చెప్పి వెళ్ళి పడుకున్నాను. మంచం మీద ఎలక్ట్రిక్ దుప్పటి వేసి ఉంచారు, బ్రహ్మాండంగా నిద్ర పట్టింది.

పొద్దున బ్రెడ్ మీద రాసుకోవడానికి గోధుమరంగు మీగడలాంటిది ఇచ్చారు. పాలూ చక్కెరా గంటల తరబడి మరిగిస్తారట. గట్టిపడక ముందే పొయ్యి మీంచి దించేసిన పాలకోవా, అంతే. సీసాలో సగం నేనే ఖాళీ చేశాను. అప్పుడు మాతే వచ్చింది. ఈసారి నా ముందు విడిగా ఇంకో బుర్ర, ఇంకో గొట్టం పెట్టింది నార్మా. సరికొత్తవి, అట్టపెట్టెలోంచి అప్పుడే తీసినవి.

"మీకు, శుభ్రం" అంది, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో.

హమ్మయ్య అనుకున్నాను. ఎంత మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాను. కానీ కాసేపటికి ఒకటి గమనించాను. బుర్ర ఎవరి చేతిలో ఉంటే వాళ్ళతో నార్మా ఒక మాట మాట్లాడుతుంది, ఇచ్చేటప్పుడు ఒక మాట, పుచ్చుకునేటప్పుడు ఒక మాట. అది ఊగో దగ్గర్నుంచి మతియాస్‌కి, సింధుకి వెళ్ళి, నన్ను దాటుకుని మళ్ళీ నార్మాకి చేరుతోంది. నా బుర్ర నా ముందు చల్లారుతోంది. మన వైపు ఎవరికి విడిగా గ్లాసు పెడతారో, దాన్ని ఎక్కడ బోర్లిస్తారో మీకు చెప్పనక్కర్లేదు. నేను అడిగి తెచ్చుకున్న మర్యాదే, కానీ ఆ బుర్ర మళ్ళీ ముట్టుకోబుద్ధి కాలేదు. శుక్రవారమంతా అలాగే గడిచింది. రాత్రి మళ్ళీ తిన్నాను, మళ్ళీ కంచాలు కడిగాను.

శనివారం పొద్దున సింధు నా గదిలోకొచ్చి తలుపేసింది.

"అమ్మా, నార్మా నన్ను అడిగింది. మీ అమ్మకి మేం అసహ్యమా అని."

"నేనేం చేశానే? గిన్నెలు కూడా కడిగి పెడుతున్నాను!"

"అదేనమ్మా. వీళ్ళకి తినడం అయ్యాకే అసలు భోజనం మొదలవుతుంది. ప్లేట్లు అలాగే ఉంటాయి, గంటలు గంటలు కూర్చుని మాట్లాడుకుంటారు. దానికో పేరు కూడా ఉంది, సోబ్రేమేసా అంటారు. నువ్వు ప్లేట్లు లాగేస్తుంటే, ఇంక లేవండి అన్నట్టుంది వాళ్ళకి. ఆ స్ట్రా తుడవడం సరేసరి."

"ఎంగిలి కదే!"

"తెలుసు. నేనే చెప్పాను వాళ్ళకి, మా అమ్మ అలవాటు అని. అందుకే కొత్తది తీసి పెట్టింది. పెట్టేసి వంటింట్లోకెళ్ళి కళ్ళు తుడుచుకుంది. ఆవిడ భయం ఆవిడది అమ్మా. నువ్వు నో అంటావని రోజూ వణికిపోతోంది."

ఇప్పటిదాకా ఈ పెళ్ళిచూపుల్లో చూసేదాన్ని నేనే అనుకుంటున్నాను. వాళ్ళు కూడా నన్ను చూస్తున్నారన్న ఆలోచనే నాకు రాలేదు. సిగ్గేసింది, కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో తెలియక బూట్లేసుకుని బయటికెళ్ళాను.

బురదలో నడుచుకుంటూ పాలు పితికే షెడ్డు దాకా వెళ్ళాను. లోపల ఆవులు లేవు. బోర్లించిన బకెట్ మీద ఊగో కూర్చుని ఉన్నాడు. బ్రెడ్ మధ్యలో ఇంత పొడుగు మాంసపు సాసేజ్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని నములుతున్నాడు. నన్ను చూసి దాన్ని వీపు వెనక్కి దాచాడు.

"మందు, సెన్యోరా" అన్నాడు, అమ్మగారూ అన్నట్టు. "డాక్టరు చెప్పాడు."

నాకు నవ్వు ఆగలేదు. పాపం, అరవై దాటిన మనిషి, తన ఇంట్లో తను దొంగతిండి తింటున్నాడు నా మూలంగా. నేను నవ్వేసరికి ఆయనా నవ్వాడు. తిన్నగా ఇంట్లోకెళ్ళి, మతియాస్‌ని దుబాసీగా పక్కన పెట్టుకుని నార్మాతో చెప్పాను. "రేపు ఆదివారం. మీరు మామూలుగా ఏం తింటారో అదే తినండి. నేను చూడ్డానికొచ్చింది అదే కదా."

"మరి మీరు?" అంది నార్మా.

"నేనూ అక్కడే కూర్చుంటాను."

అనడం సులువే. ఆదివారం పొద్దున్నే ఊగో ట్రాక్టర్ షెడ్డులో కట్టెలు అంటించాడు. అసాదో అంటే నిప్పుల మీద మాంసం కాల్చడం. ఉప్పు తప్ప ఇంకేం వేయరు, తొందరా పడరు. ఆయన పూజ చేసే అయ్యవారిలా నిప్పులు ఇటు లాగుతూ అటు సర్దుతూ మూడు గంటలు నిలబడ్డాడు. నా కోసం విడిగా చిన్న ఇనప చట్రం కడిగి పెట్టి, క్యాప్సికమ్, ఇక్కడ కుమారా అనే చిలగడదుంపలు, గుండ్రటి చీజ్ ముక్క దాని మీద కాల్చాడు. నేను తెచ్చిన కందిపొడి ఆ చీజ్ మీద చల్లుకుని తిని చూసి, కన్నీళ్ళు కారుతుంటే "ఇంకా" అని చెయ్యి చాపాడు.

షెడ్డులోనే వేసిన బల్లకి అటు కొసన వాళ్ళ మాంసం, ఇటు కొసన నా దుంపలు. అబద్ధమెందుకు, ఆ వాసన నాకు పడలేదు. తల పక్కకి తిప్పుకుని తిన్నాను. కానీ లేవలేదు. తినడం అయ్యాక అలవాటు కొద్దీ కంచం మీదకి చెయ్యి పోయింది. బల్ల కింద సింధు నా మోకాలు నొక్కింది. కూర్చున్నాను. ఎంగిలి కంచాల ముందు చేతులు కట్టుకుని కూర్చోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. మొదటి పావుగంట ముళ్ళ మీద ఉన్నట్టుంది.

నార్మా నన్ను అడగడం మొదలుపెట్టింది. మీ ఊరేది, మీ అమ్మ ఏం వండేది, చిన్నప్పుడు మీరేం కావాలనుకున్నారు. మతియాస్ అటుదిటు ఇటుదటు చెప్తున్నాడు. తెనాలి చెప్పాను, మా అమ్మ కుంపటి మీద కాల్చే వంకాయ చెప్పాను, నేను రేడియోలో పాడాలనుకున్న సంగతి చెప్పాను. సింధు నా వైపు వింతగా చూసింది. "ఇది నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా?" అంది. ఎప్పుడు చెప్తాను? ముప్పై ఏళ్ళుగా మా ఇంట్లో భోజనాల దగ్గర జరిగిన కబుర్లన్నీ నేను వంటింట్లోంచి విన్నాను. అందరూ లేచాక ఒక్కదాన్నీ తిన్నాను. నన్ను కూర్చోబెట్టి అడిగినవాళ్ళు లేరు, నేనూ కూర్చోలేదు. ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

అప్పుడు నార్మా గొంతు సవరించుకుని అడిగింది. "మా అబ్బాయి మీ ఇంటికొస్తే, మీ బల్ల దగ్గర కూర్చోనిస్తారా?"

మతియాస్ ఆ ప్రశ్నని ఇంగ్లీషులోకి మార్చి తల వంచుకున్నాడు. షెడ్డులో నిప్పులు చిటపటమంటున్నాయి.

"కూర్చోనిస్తాను. మాంసం ఉండదు, మిగతా అంతా వడ్డిస్తాను" అన్నాను.

"మీరూ కూర్చుంటారా?"

"నేను కూర్చుంటే వడ్డించేదెవరు?"

"అయితే వాడూ కూర్చోడు" అంది నార్మా. "గిన్నెలు బల్ల మీద పెట్టండి. అందరికీ చేతులున్నాయిగా."

చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాం. తర్వాత థర్మాస్ వచ్చింది, రెండు బుర్రలూ వచ్చాయి. నాది నేను పక్కకి జరిపి, సింధు తాగి వెనక్కిచ్చిన దాని కోసం చెయ్యి చాపాను. నార్మా ఒక్క క్షణం నన్ను చూసి, నీళ్ళు పోసి ఇచ్చింది. ఎంగిలి ఎంగిలి అని మనసు గింజుకుంటూనే ఉంది. తుడవకుండా తాగాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆవిడ బుర్ర తీసుకుని మళ్ళీ నీళ్ళు పోసి ఊగోకిచ్చి, తర్వాతి వంతు మామూలుగా నాకిచ్చింది. ఆ రాత్రి రెండుసార్లు పళ్ళు తోముకున్న మాట నిజమే, అది వేరే సంగతి.

సోమవారం పొద్దున ఇన్వర్‌కార్గిల్‌లో బస్సెక్కించడానికి నలుగురూ వచ్చారు. ఏం తేల్చావని సింధు అడగలేదు. మాటిచ్చిన పిల్ల, అడగదు. మొహం మాత్రం పాలిపోయి ఉంది. నార్మా నన్ను గట్టిగా పట్టుకుని వదిలింది.

బస్సు కదిలాక కిటికీలోంచి తడి పొలాలు చూస్తూ ఆలోచించాను. ఆ తిండి మనకి చప్పగా ఉంటుంది, పొడి డబ్బా ఒకటి దగ్గర పెట్టుకోండి. సాయంత్రం ఆరింటికి ఏదో ఒకటి కొరికి వెళ్ళండి. మాతే చేదుకి మూడోనాటికి అలవాటు పడతారు. మా ఇంట్లో నాలుగు కూరలు, రెండు పచ్చళ్ళు చేసి పావుగంటలో ముగించేస్తాం. వాళ్ళు రెండు వంటకాలు పెట్టుకుని సగం రోజు కూర్చుంటారు. ఎవరు బాగా తింటున్నారో నేను చెప్పలేను గానీ, ఎవరు కలిసి తింటున్నారో చెప్పగలను.

బాల్‌క్లూథాలో బస్సు ఆగినప్పుడు సింధుకి ఫోన్ చేశాను. సగం మోత కూడా మోగకుండానే ఎత్తింది.

"నార్మా ఏమైనా అందా నా గురించి?" అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"అదేంటమ్మా! చెప్పాల్సింది నువ్వు కదా! ఇక్కడ నేను నాలుగు రోజులుగా నిద్ర లేక చస్తుంటే!"

"ముందు ఆవిడేమందో చెప్పవే."

"ఇంటికొచ్చాక బల్ల దగ్గర ఒక్కర్తే కూర్చుంది. మీ అమ్మ మళ్ళీ ఎప్పుడొస్తుంది అని అడిగింది. అంతే."

డ్రైవరు ఎక్కమని చెయ్యి ఊపుతున్నాడు.

"ముహూర్తం పెట్టించుకుని వస్తానని చెప్పు, మా వియ్యపురాలికి."

అవతల వెక్కిళ్ళు వినబడ్డాయి.

"ఏడవకు. ఆవిడకి ఇంకో మాట కూడా చెప్పు" అన్నాను మెట్టెక్కుతూ. "పెళ్ళి భోజనాలు రాత్రి పదింటికి అంటే మాత్రం మన చుట్టాల్లో ఒక్కడూ మిగలడు."